రీఫ్ ట్యాంకు హుడ్‌లో టీ5 తీసి ఎల్ఈడీ బిగించుకోవడం ఎలా

నెల్లూరు, ఒంగోలు వైపు ఇంట్లో సముద్రపు ట్యాంకు, అంటే ఉప్పునీళ్లలో చేపలు, పగడాలు పెంచే రీఫ్ ట్యాంకు పెట్టుకున్నవాళ్లు తక్కువే, కానీ ఉన్నారు. వాళ్లలో పాతకాపుల ఇళ్లలో హుడ్ (ట్యాంకు మీద లైట్లుండే మూతపెట్టె) ఎత్తి చూస్తే ఇప్పటికీ టీ5 అనే సన్నటి ట్యూబ్‌లైట్లే కనిపిస్తాయి. అవి బాగానే పనిచేస్తాయి, కాదనను. కాకపోతే ఏడాది తిరిగేసరికి ట్యూబులు మార్చాలి, చోకులు కాగిపోతుంటాయి, నీలం ట్యూబు కావాలంటే చెన్నై ఫోన్ చేసి పార్సిల్ కోసం ఎదురుచూడాలి. ఇక ఎల్ఈడీకి మారదాం అనుకునేది అందుకే. మారండి. అయితే పాత పెట్టెలో కొత్త లైటు పెట్టి నాలుగు స్క్రూలు బిగించేస్తే పని అయిపోతుందనుకోకండి. వెలుగు కొట్లో దొరుకుతుంది. మన కోస్తాలో హుడ్‌ను తినేసేవి వేడి, ఉప్పు. ఈ రెండింటికీ పెట్టెలోనే ఏర్పాటు చేసుకోవాలి. ఈ పనిలో సగం వడ్రంగం, పావు కరెంటు, మిగిలిన పావు ఓపిక.

లెక్కలన్నీ మూడడుగుల ట్యాంకుకు చెబుతాను: పొడవు 36 అంగుళాలు, వెడల్పు 18, ఎత్తు 18. నీళ్లు సుమారు 190 లీటర్లు పడతాయి. పాత హుడ్‌లో 39 వాట్ల టీ5 ట్యూబులు నాలుగు ఉన్నాయనుకుందాం. మీ ట్యాంకు చిన్నదైనా పెద్దదైనా ఇదే పద్ధతి, ఎల్ఈడీల సంఖ్య మారుతుందంతే.

ముందు ఏం పెంచుతున్నారో తేల్చుకోండి

'ఎన్ని వాట్లు పెట్టాలి?' అనేది అందరూ మొదట అడిగే ప్రశ్న. అది రెండో ప్రశ్న అవ్వాలి. కోరల్స్ (పగడాలు) ఒంట్లో కంటికి కనిపించని నాచు జీవులు ఉంటాయి. అవి వెలుగు తిని, తయారుచేసిన ఆహారంలో వాటా కోరల్‌కు పెడతాయి. ఆ నాచుకు అందే వెలుగును 'పార్' అనే కొలతలో చెబుతారు. మష్రూములు, లెదర్ అనే మెత్తని కోరల్స్ 50 నుంచి 100 పార్ ఉంటే హాయిగా బతుకుతాయి. జోయాంథిడ్లు, హ్యామర్, టార్చ్ లాంటి కోరల్ రకాలకు 80 నుంచి 150 చాలు. కొమ్మలు కొమ్మలుగా పెరిగే అక్రోపోరా లాంటివాటికే 200 నుంచి 350 కావాలి. మన ఇళ్లలో ఉండేవి ఎక్కువగా మొదటి రెండు రకాలే. వాటి కోసం అక్రోపోరా లైటు కొంటే డబ్బు దండగ, పైగా కోరల్స్‌ను మాడ్చుకోవడం.

రంగు విషయానికొస్తే, ఆ నాచుకు బాగా పనికొచ్చేది నీలం. 420 నుంచి 480 నానోమీటర్ల మధ్య ఉండే వెలుగు. హాల్లో వేసుకునే తెల్ల ఎల్ఈడీ బార్ కొని పెడితే గది బాగా వెలుగుతుంది, కోరల్స్ మాత్రం గోధుమరంగుకు తిరిగి, గాజుకు పచ్చ నాచు పడుతుంది. రెండొంతులు నీలం, ఒక వంతు తెలుపు. అంచనాకు ఈ పాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఇక్కడే ఒక మాట. లైటు పెంచగానే కొత్త కోరల్స్ మీద మనసు పోతుంది. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూలులో చేరాయి. మన సముద్రంలోంచి తీసినవి అమ్మినా కొన్నా నేరమే. మన తీరంలో ఇసుకే తప్ప పగడపు దిబ్బలు లేవు. దేశంలో అవి పెద్దయెత్తున ఉన్నది మన్నార్ గల్ఫ్, కచ్ గల్ఫ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లోనే. 'రామేశ్వరం నుంచి నిన్ననే దిగింది' అని ఎవరైనా చవగ్గా రాయి చూపిస్తే అక్కణ్నుంచి వచ్చేయండి. హ్యామర్, టార్చ్ కూడా రాతి పగడాలే కాబట్టి, అవి పెంపకంలో పుట్టినవని కాగితం చూపించగలిగినవాళ్ల దగ్గరే తీసుకోండి.

పని ఏ నెలలో పెట్టుకోవాలి

సంక్రాంతి వెళ్లాక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్ల కాలం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ల వేడితోనే కోరల్స్ సగం నీరసపడి ఉంటాయి, వాటి మీద కొత్త వెలుగు కూడా వేస్తే తట్టుకోలేవు. జనవరి నెలాఖరుకు గది చల్లగా ఉంటుంది, కోరల్స్ కుదురుగా ఉంటాయి, ఎండలు ముదిరేలోపు అవి అలవాటు పడటానికి రెండు నెలలు చేతిలో ఉంటాయి.

లైటు మార్చడానికి రెండు వారాల ముందు ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ మార్చండి. నెలల తరబడి ఉన్న ట్యాంకు నీళ్లకు లేత పసుపు ఛాయ వస్తుంది. తెల్ల ప్లాస్టిక్ మగ్గులో ముంచి పగటి వెలుగులో చూస్తే తెలుస్తుంది. ఆ పసుపు నీలాన్ని మింగేస్తుంది. కార్బన్ వేస్తే నీళ్లు తేటపడి, పాత లైటుతోనే లోపలికి వెలుగు ఎక్కువ దిగుతుంది. కొత్త లైటు, కొత్త కార్బన్ ఒకే రోజు పెడితే కోరల్స్‌కు రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి.

సామాను

రెండు దారులున్నాయి. డిమ్మింగ్ (వెలుగు తగ్గించుకునే వీలు) ఉన్న రెడీమేడ్ రీఫ్ ఎల్ఈడీ బార్లు రెండు కొని హుడ్‌లో బిగించుకోవడం ఒకటి. విడి ఎల్ఈడీలు కొని సొంతంగా చేసుకోవడం రెండోది. సోల్డరింగ్ చేతికి అలవాటు లేకపోతే మొదటిదే తీసుకోండి, నామోషీ ఏమీ లేదు. దానికైనా హుడ్, ఫ్యాను, ఎర్తింగు పనులన్నీ చేయాల్సిందే. కొనేటప్పుడు ఏ ఎత్తులో ఎంత పార్ ఇస్తుందో కంపెనీ పట్టిక ఇచ్చిందా అని చూడండి. వాట్లు తప్ప ఇంకేమీ రాయని పెట్టెను నమ్మకండి.

సొంతంగా చేసుకునేవాళ్లకు కావాల్సింది: 3 వాట్ల ఎల్ఈడీలు 36, అందులో 24 నీలం, 12 తెలుపు. నీలంలో ఎక్కువ భాగం 450 నానోమీటర్ల రాయల్ బ్లూ తీసుకుని, నాలుగైదు 420 వయొలెట్ కలిపితే కోరల్స్ రంగులు విరగబూస్తాయి. 700 మిల్లీ ఆంపియర్ల స్థిర కరెంటు డ్రైవర్లు (ఎల్ఈడీలకు నిలకడగా కరెంటు ఇచ్చే పెట్టెలు) మూడు. డిమ్మింగ్ ఉన్నవే తీసుకోండి, తర్వాత ఎందుకో చెబుతాను. 12 ఎల్ఈడీలు వరసగా కలిపితే సుమారు 40 వోల్టులు అవుతుంది. డ్రైవరు మీద రాసిన అవుట్‌పుట్ హద్దుల మధ్య ఆ 40 ఉండాలి. ఒక్కో డ్రైవరుకు 28 వాట్లు, మూడూ కలిపి 84. మెత్తని కోరల్స్, హ్యామర్లు ఉన్న మూడడుగుల ట్యాంకుకు ఇది సరిపోగా మిగులుతుంది.

30 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న రెక్కల హీట్‌సింకు (ఎల్ఈడీల వేడిని లాగే లోహపు పలక), ఆ వేడి దానిలోకి దిగడానికి థర్మల్ పేస్టు, 90 డిగ్రీల లెన్సులు, 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు, వాటికో అడాప్టరు, ఉప్పు తుంపరకు అడ్డంగా 3 మి.మీ. పారదర్శక యాక్రిలిక్ షీటు. ఎల్ఈడీలు, డ్రైవర్లు ఆన్‌లైన్‌లో వస్తాయి. చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే నెల్లూరు నుంచి మూడు గంటల రైలు ప్రయాణంలో చెన్నై రిచీ స్ట్రీట్ ఉంది. ఎలాగూ అక్కడిదాకా వెళ్లారు కాబట్టి కొళత్తూరు చేపల మార్కెట్ కూడా చూసిరావచ్చు, జేబు జాగ్రత్త. వైర్లు, ఎర్త్ లీకేజీ బ్రేకరు (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్), స్టీలు స్క్రూలు నెల్లూరు ట్రంకు రోడ్డు షాపుల్లోనే దొరుకుతాయి. స్క్రూలు మాత్రం స్టెయిన్‌లెస్ అని గట్టిగా అడగండి. మామూలు జింకు పూత స్క్రూలు ఉప్పు గాలికి ఆర్నెల్లలో తుప్పు కారుస్తాయి.

పాతది విప్పడం

ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే బయట ఉండాలి. హుడ్‌ను ట్యాంకు మీద నుంచి దించి, నేల మీద పాత దుప్పటి పరిచి బోర్లించండి. ట్యాంకు పైన ఏదైనా బల్లో షీటో కప్పండి, పని చేసేటప్పుడు చిన్న నట్టు జారినా నీళ్లలో పడకూడదు.

ట్యూబులు తీశాక హోల్డర్లను దగ్గరగా చూడండి. ఇత్తడి పిన్నుల చుట్టూ పటికబెల్లం పలుకుల్లా ఉప్పు కట్టి ఉంటుంది, దాని కింద నీలం కలిసిన పచ్చటి పొర ఉంటుంది. ఆ పచ్చ పొరే ప్రమాదం. అది రాగి తుప్పు. హుడ్ లోపల పట్టిన తేమతో కరిగి చుక్క చుక్కగా నీళ్లలో పడితే ముందు రొయ్యలు, నత్తలు పోతాయి, తర్వాత కోరల్స్ ముడుచుకుంటాయి. రొయ్యల గుంటలు చూసేవాళ్లకు రాగి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 'క్లీనర్ ష్రింప్ (ట్యాంకులో పెంచే రొయ్య) ఎందుకో బతకడం లేదు' అని నీళ్లన్నీ టెస్టు చేయించి, పైకి మాత్రం చూడనివాళ్లు ఉంటారు. పచ్చ పట్టిన హోల్డరు, వైరు ముక్క ఏదీ మళ్లీ వాడకండి. కొత్త వైరింగులో కూడా ఒలిచిన రాగి ఎక్కడా బయటికి కనిపించకూడదు.

చోకులు, హోల్డర్లు, రిఫ్లెక్టరు అన్నీ తీసి లోపలంతా మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఎండలో రెండు రోజులు ఆరబెట్టండి. ఆరాక వేలితో నొక్కి చూడండి. ప్లైవుడ్ అంచుల దగ్గర మెత్తగా దిగితే ఆ చెక్క పని అయిపోయినట్టే, కొత్త హుడ్ చేయించుకోవడం మేలు. మెరైన్ ప్లై అయినా సరే, అల్యూమినియం కాంపోజిట్ షీటు అయినా సరే. మామూలు ప్లైకి ఇక్కడి తేమ సరిపడదు.

పెట్టెను సిద్ధం చేయడం

టీ5 కోసం చేసిన హుడ్లు లోతు తక్కువగా ఉంటాయి. ట్యూబు పొడవునా వెలుగు పరుచుకుంటుంది కాబట్టి నీళ్లకు నాలుగైదు అంగుళాల పైన ఉన్నా సరిపోయేది. ఎల్ఈడీ అలా కాదు, ఒక బిందువు నుంచి కోన్ ఆకారంలో దిగుతుంది. 90 డిగ్రీల లెన్సు ఉన్న ఎల్ఈడీ 8 అంగుళాల ఎత్తు నుంచి 16 అంగుళాల వెడల్పు మేర పడుతుంది. 4 అంగుళాల ఎత్తులో పెడితే 8 అంగుళాలే. మధ్యలో ఉన్న కోరల్ మాడిపోతుంది, మూలల్లో ఉన్నది చీకట్లో ఉంటుంది. కాబట్టి ఎల్ఈడీ నుంచి నీటి మట్టానికి కనీసం 8 అంగుళాలు ఉండేలా చూడండి. హుడ్ లోతు చాలకపోతే అడుగున చుట్టూ 4 అంగుళాల చెక్కపట్టీ కట్టించి పైకి లేపండి. వడ్రంగికి పూట పని. లేపడం కుదరదంటారా, లెన్సులు లేకుండా బిగించండి. అప్పుడు వెలుగు 120 డిగ్రీల దాకా విచ్చుకుంటుంది, లోతుకు మాత్రం తక్కువ దిగుతుంది. అడుగున మష్రూములు, జోయాంథిడ్లే ఉంటే దానికీ ఇబ్బంది లేదు.

లోపల తెల్ల ఎపాక్సీ పెయింటు రెండు పూతలు వేయండి. చెక్కకు నీళ్లు పట్టవు, పక్కలకు పోయే వెలుగు తిరిగి కిందికి వస్తుంది. పెయింటు వాసన పూర్తిగా పోయేదాకా, వారం పట్టినా సరే, హుడ్‌ను ట్యాంకు మీద పెట్టకండి.

ఇప్పుడు గాలి. ఎల్ఈడీ వేడెక్కదు అని అమ్మేవాళ్లు చెబుతారు. కిందికి వేడి కొట్టదు, అంతవరకు నిజం. వెనక వీపు మాత్రం కాలుతుంది, ఆ వేడి హుడ్‌లోనే ఉంటుంది. 84 వాట్లలో సగానికి పైగా వేడిగానే పోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. మూతపెట్టిన పెట్టెలో ఆ వేడికి ఎల్ఈడీల ఆయుష్షు సగానికి పడిపోతుంది. హుడ్ వెనక గోడకు ఎడమ చివర ఒక ఫ్యాను లోపలికి గాలి తోసేలా, కుడి చివర ఒకటి బయటికి లాగేలా పెట్టండి. రెండూ యాక్రిలిక్ షీటుకు పైన, హీట్‌సింకు రెక్కల వరసలో ఉండాలి. నీళ్ల మీది ఉప్పు గాలిని ఇవి లాగకూడదు, గది గాలినే లాగాలి. అయినా ఏడాదికో ఏడాదిన్నరకో బేరింగులో ఉప్పు చేరి గరగరమంటాయి. అప్పుడు మార్చేయండి, ఖరీదైన వస్తువేం కాదు.

నీళ్లు చల్లబరచడానికి నీటి మట్టం మీదికి ఊదే ఫ్యాను వేరే. అది అవసరమే కానీ దాన్ని దీనితో కలపకండి. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అది రెండు డిగ్రీలు దించితే గొప్ప. నీళ్లు మాత్రం రోజుకు లీటర్ల లెక్కన ఆవిరవుతాయి. పోయింది మంచినీరే, ఉప్పు లోపలే ఉంటుంది. కాబట్టి ఆర్వో నీళ్లే నింపండి. రొయ్యల మందుల షాపులో దొరికే, ఉప్పు శాతం కొలిచే రిఫ్రాక్టోమీటరు దీనికీ పనికొస్తుంది, 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) దగ్గర నిలబెట్టండి.

ఎల్ఈడీలు బిగించడం

హీట్‌సింకు మీద పెన్సిల్‌తో మూడు వరసలు గీయండి, వరసకు 12 గుర్తులు, రెండున్నర అంగుళాల ఎడంతో. ఒక వరసంతా తెలుపు, రెండు వరసలు నీలం అని పెడితే ట్యాంకులో చారలు కనిపిస్తాయి. ప్రతి వరసలోనూ నీలం, నీలం, తెలుపు అని కలిపి పేర్చండి, పక్క వరసలో ఒక గడి జరపండి. కలపడం మాత్రం రంగును బట్టి: తెల్లవి పన్నెండూ ఒక డ్రైవరుకు, నీలం పన్నెండు, పన్నెండు మిగతా రెంటికీ. రంగులు విడివిడిగా తగ్గించుకోవడానికి వీలుంటుంది.

ఒక్కో ఎల్ఈడీ కింద పేస్టు పలచగా, గోరింటాకు చుక్కంత చాలు. ఎక్కువ రాస్తే వేడి దిగడం తగ్గుతుంది. రెండు స్క్రూలు, కింద నైలాన్ వాషర్లు. బిగించాక, సోల్డరింగ్ మొదలుపెట్టే ముందు మల్టీమీటరును బీప్ మోడ్‌లో పెట్టి ఒక మొన హీట్‌సింకుకు, రెండోది ఎల్ఈడీ ప్యాడ్‌కు (వైరు అతికే చోటు) ఆనించండి. ఎక్కడైనా బీప్ అంటే అక్కడ స్క్రూ తల ప్యాడ్‌కు తగులుతోందన్నమాట, సరిచేయండి. సోల్డరింగ్ అయ్యాక మళ్లీ ఒకసారి ఇదే పరీక్ష. విసుగు పనే, కానీ పక్కనే ఉప్పునీళ్లున్నాయి.

వరస కలిపేటప్పుడు ఒకదాని మైనస్ పక్కదాని ప్లస్‌కు. అన్ని అతుకుల మీద హీట్ ష్రింక్ స్లీవు వేయండి. ఇన్సులేషన్ టేపు ఇక్కడ నిలవదు, తేమకు జిగురు కారి విడిపోతుంది.

డ్రైవరుకు ముందు ఎల్ఈడీలు కలపండి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వండి. డ్రైవరు ఆన్‌లో ఉండగా ఎల్ఈడీ వైరు తగిలిస్తే, ఖాళీగా ఉన్న డ్రైవరులో పేరుకున్న వోల్టేజీ ఒక్కసారిగా దూకి వరసంతా పోతుంది. వెలిగించాక నీలం వైపు నేరుగా చూడకండి, కంటికి అంత ప్రకాశంగా అనిపించకపోయినా రెటీనాకు అది మంచిది కాదు. అరగంట వెలగనిచ్చి హీట్‌సింకు మీద చెయ్యి పెట్టండి. ఐదు సెకన్లు ఉంచగలిగితే సరే. చెయ్యి లాగేసుకోవాల్సి వస్తే ఫ్యాను తిరుగుతున్న దిశ చూసుకోండి.

యాక్రిలిక్ షీటును ఎల్ఈడీలకు రెండంగుళాల కింద, జారుగాడిలో పెట్టండి, తీసి తుడుచుకోవడానికి వీలుగా. దీని మీద ఉప్పు చిమ్మి తెల్లమచ్చలు కడతాయి. వారానికోసారి ఆర్వో నీళ్ల గుడ్డతో తుడవకపోతే మీరు కొన్న వెలుగులో మంచి భాగం అక్కడే ఆగిపోతుంది.

కరెంటు

డ్రైవర్లు, అడాప్టరు హుడ్‌లో పెట్టకండి. ట్యాంకు పక్క గోడకు, నీటి మట్టానికి పైన ఒక ప్లాస్టిక్ జంక్షన్ బాక్సులో పెట్టండి. హుడ్‌లోకి 40 వోల్టుల డీసీ తప్ప 230 పోకూడదు. టీ5 నుంచి మారడంలో నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లాభం ఇదే. ట్యూబుల హుడ్‌లో చోకు నుంచి వచ్చే వందల వోల్టులు నీళ్లకు జానెడు పైన ఉండేవి.

ట్యాంకు బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజీ బ్రేకరు తప్పనిసరి. హీట్‌సింకుకు ఎర్త్ వైరు కలపండి. 'ఎర్త్ లేకపోయినా వెలుగుతుంది సార్' అనే ఎలక్ట్రీషియన్ మన ఊళ్లలో ఎక్కడైనా దొరుకుతాడు. వెలుగుతుంది, నిజమే. మీరు నీళ్లలో చెయ్యి పెట్టినప్పుడు ఎర్త్ మీరవుతారు. బ్రేకరు టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. ప్రతి వైరూ ప్లగ్గుకు వెళ్లేముందు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి వెళ్లాలి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడుతుంది, సాకెట్‌లోకి ఎక్కదు.

మొదటి రెండు నెలలు

హుడ్ ఎక్కించి స్విచ్ వేశాక ట్యాంకు మిలమిలలాడుతుంది. నీటి మీది అలలు రాళ్ల మీద వల అల్లినట్టు కదులుతాయి. ఇంట్లోవాళ్లు 'ఇంకొంచెం పెంచు, బాగుంది' అంటారు. పెంచకండి. డిమ్మింగ్ ఉన్న డ్రైవర్లు తీసుకోమన్నది ఈ రోజు కోసమే.

మొదటి వారం 30 శాతం, రోజుకు 6 గంటలు. అక్కడి నుంచి వారానికి 5 శాతం చొప్పున పెంచండి. నెల తర్వాత గంటలు కూడా మెల్లగా 8కి తీసుకెళ్లండి. చాలా ట్యాంకులకు 60, 70 శాతం దగ్గర సరిపోతుంది. నూరు దాకా వెళ్లి తీరాలని ఏమీ లేదు. డిమ్మర్ లేని బార్లు కొన్నవాళ్లు కిటికీలకు కొట్టే దోమల మెష్ యాక్రిలిక్ మీద మూడు నాలుగు పొరలు పరిచి, పది రోజులకో పొర తీస్తూ రండి. మొరటు పద్ధతే, పనిచేస్తుంది.

ఈ సమయంలో కోరల్స్‌ను రోజూ ఒకే వేళకు, లైటు వెలిగిన రెండు గంటలకు చూడండి. జోయాంథిడ్లు విచ్చుకోకుండా మొగ్గల్లా ఉండిపోతే, మష్రూములు అంచులు పైకి మడుచుకుని గిన్నెలా మారితే, హ్యామర్ లోపలికి కుదించుకుపోతే వెలుగు ఎక్కువైందని. ఒక రోజుకు కంగారు పడకండి, మూడు రోజులు వరసగా ఉంటే 10 శాతం తగ్గించి రెండు వారాలు ఆగండి. రంగు వెలిసి తెలుపు తిరుగుతుంటే ఆగే పనిలేదు, ఆ రోజే ఆ కోరల్‌ను కిందికి, నీడ పట్టుకు దించండి. తెల్లబడినంత మాత్రాన చచ్చినట్టు కాదు. కండ ఉంటే వారాల్లో కోలుకుంటుంది. దీనికి తిరగేసిన గుర్తు కూడా ఉంది: జోయాంథిడ్ల కాడలు పొడుగ్గా సాగి పైకి వంగుతుంటే వెలుగు చాలడం లేదని అర్థం.

పార్ మీటరు ఖరీదెక్కువ, ఇంటికొకటి కొనేది కాదు. ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టుకుని పాత టీ5తో కొత్త ఎల్ఈడీని పోల్చాలని చూడకండి. లక్స్ మనిషి కంటి కోసం పెట్టిన కొలత, నీలాన్ని లెక్కలోకి సరిగా తీసుకోదు. సగం వెలుగే ఉందని చూపిస్తుంది, మీరు పెంచేస్తారు. ఒకే లైటు కింద మధ్యలో ఎంత, మూలలో ఎంత అని చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

రాళ్ల మీద గోధుమరంగు పొర, తర్వాత పచ్చ నూగు వస్తే లైటును తిట్టకండి. నీళ్లలో నైట్రేటు, ఫాస్ఫేటు అంతకుముందే పేరుకుని ఉన్నాయి, వెలుగు వచ్చేసరికి బయటపడ్డాయి. మేత తగ్గించి, వారానికి పదో వంతు నీళ్లు మార్చండి. బీచ్ నుంచి నీళ్లు తెచ్చుకునేవాళ్లు తుపాను వెళ్లిన వారాల్లో మైపాడు వైపు పోకండి, పెన్నా నీళ్లు కలిసి ఉప్పు శాతం పడిపోయి ఉంటుంది, బురద సరేసరి.

టైమరు, కరెంటు కోతలు

చక్రం తిరిగే టైమరు కొనకండి. కరెంటు పోయినప్పుడల్లా అది ఆగి, వచ్చాక ఆగిన చోటి నుంచి తిరుగుతుంది. ఎండాకాలంలో వారం గడిచేసరికి మీ కోరల్స్‌కు అర్ధరాత్రి తెల్లవారుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకోండి. వెలిగే వేళ సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పన్నెండు దాకా పెట్టుకుంటే మంచిది. మిట్ట మధ్యాహ్నపు వేడికి లైటు వేడి తోడవ్వదు, మీరు ఇంట్లో ఉన్నప్పుడే ట్యాంకు వెలుగుతుంది. ఇన్వర్టరు మీద లైటు పెట్టకండి, అలల పంపు పెట్టండి. వెలుగు రెండు రోజులు లేకపోయినా కోరల్స్‌కు ఏమీ కాదు, నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ పడిపోయి ముందు చేపలు పోతాయి.

కరెంటు బిల్లు బాగా తగ్గుతుందని ఆశపడితే అంత ఉండదు. 156 వాట్ల ట్యూబులు పోయి, ఫ్యాన్లతో కలిపి 95 వాట్లు అయింది. రోజుకు 8 గంటల లెక్కన నెలకు 14, 15 యూనిట్లు మిగులుతాయి. అసలు మిగిలేది ఏటేటా ట్యూబులు కొనే ఖర్చు.

జనవరిలో బిగించిన హుడ్‌కు అసలు పరీక్ష ఏప్రిల్‌లో. మొదటి వడగాలి రోజుల్లో రాత్రి పదింటికి హీట్‌సింకు మీద మళ్లీ చెయ్యి పెట్టి చూడండి, నీటి థర్మామీటరు చూడండి. నీళ్లు 28 దాటుతుంటే లైటు 10 శాతం తగ్గించండి. 30కి చేరుతుంటే ఫ్యాన్లతో అయ్యే పని కాదు, నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రమో గదికి ఏసీయో ఆలోచించాలి.

అప్పటిదాకా పాత చోకులు, మంచి ట్యూబులు రెండు అటక మీద ఉంచండి, డ్రైవరు పోయి కొత్తది వచ్చేలోపు వారం గడపడానికి పనికొస్తాయి. కాలిపోయిన ట్యూబులను మాత్రం చెత్తబండిలో విసరకండి, లోపల పాదరసం ఉంటుంది. పగలకుండా కాగితంలో చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.